‘మహర్షి’ పక్కన ‘మల్లేశం’ను నిలబెట్టి చూస్తే

2025 మే నెలాఖరున గద్దర్ తెలంగాణ ఫిలిం అవార్డుల జాబితాలు వరుసగా రెండు రోజుల్లో వచ్చాయి. 29న జయసుధ అధ్యక్షతన ఉన్న జ్యూరీ 2024 సినిమాలకు అవార్డులు ప్రకటించింది. మర్నాడు మురళీమోహన్ అధ్యక్షతన ఉన్న మరో జ్యూరీ 2014 నుంచి 2023 దాకా పదేళ్ల ఉత్తమ చిత్రాలను, ఏడాదికి మూడు చొప్పున చదివింది. 2019 దగ్గర వరుస ఇలా ఉంది: మొదటి ఉత్తమ చిత్రం ‘మహర్షి’, రెండోది ‘జెర్సీ’, మూడోది ‘మల్లేశం’.

‘మల్లేశం’ కథ జరిగిన ఆలేరు మా ఉమ్మడి నల్లగొండ జిల్లాదే. 2016లో యాదాద్రి భువనగిరి కిందికి పోయినా, నల్లగొండలో ఇప్పటికీ అక్కడి మనిషిని పరాయివాడు అనుకోరు. చీర నేతకు ముందు దారం చుట్టే ఆసు యంత్రం కనిపెట్టి పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం జీవితం మీద తీసిన సినిమా ప్రభుత్వ జాబితాలో కనిపించగానే సంతోషం వేసింది. దాని ముందున్న అంకె చూశాక ఆ సంతోషం నిలవలేదు. పైగా ఆ అంకె నాకు ఆశ్చర్యం కలిగించలేదు. మల్లేశానికి వస్తే గిస్తే మూడోదే వస్తుందని, మొదటిది ‘మహర్షి’కే పోతుందని సినిమాలు వరసపెట్టి చూసేవాళ్లెవరైనా ముందే చెప్పగలిగేవారు. అంత తేలిగ్గా ఎలా చెప్పగలిగేవారన్నదే ఈ వ్యాసంలో నేను పట్టించుకుంటున్న విషయం.

ఈ అవార్డు గురించి మాట్లాడే బాధ్యత నల్లగొండ, పాలమూరు ప్రేక్షకులకు కాస్త ఎక్కువే ఉంది. నంది అవార్డుల స్థానంలో గద్దర్ పేరిట అవార్డులు ఇస్తామని 2024 జనవరి 31న ప్రకటించిన ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి పాలమూరు బిడ్డ, కొడంగల్ ఎమ్మెల్యే. సినిమాటోగ్రఫీ మంత్రి కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డి నల్లగొండ ఎమ్మెల్యే. ప్రత్యేక పురస్కారాల్లో ఒకటి కాంతారావు పేరిట పెట్టారు. కత్తియుద్ధాల కథానాయకుడిగా తెలుగువాళ్లందరికీ తెలిసిన ఆ కాంతారావుది కోదాడ దగ్గరి గుడిబండ. ఆ పురస్కారం అందుకున్న విజయ్ దేవరకొండ కుటుంబానిది అచ్చంపేట ప్రాంతం. 2018కి ‘మహానటి’తో, 2024కి ‘కల్కి 2898 ఏడీ’తో రెండు మొదటి స్థానాలు దక్కించుకున్న నాగ్ అశ్విన్ మూలాలు నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్నాయి. 2025 జూన్ 14న హైటెక్స్‌లో వేడుక జరిగినప్పుడు వేదిక మీద మా రెండు ఉమ్మడి జిల్లాలకు లోటేమీ లేదు. లోటల్లా సినిమాల వరుసలోనే.

ఆస్కార్ ఎవరికొస్తుందో లెక్కకట్టడానికి అమెరికాలో ఒక పద్ధతి ఉంది. ఓటు వేసేవాళ్లు సుమారు పదివేల మంది సినిమావాళ్లు. ముందు నామినేషన్లు వస్తాయి. నటులు, దర్శకులు, నిర్మాతల సంఘాలు తమ అవార్డులు ముందే ఇచ్చేస్తాయి. ఆ సంఘాల్లో ఉన్నవాళ్లలో కొందరికి ఆస్కార్ ఓటు కూడా ఉంటుంది కాబట్టి గాలి ఎటు వీస్తోందో తెలిసిపోతుంది. 2023లో ‘నాటు నాటు’కు జనవరిలోనే గోల్డెన్ గ్లోబ్, ఆ వెంటనే క్రిటిక్స్ ఛాయిస్ వచ్చాయి. పోటీలో రిహానా, లేడీ గాగా పాటలున్నా, మార్చిలో కీరవాణి, చంద్రబోస్ వేదిక ఎక్కుతారని చాలామంది ధీమాగానే ఉన్నారు. అయితే అదే ‘ఆర్ఆర్ఆర్’ను దేశం తరఫున ఆస్కార్‌కు పంపాలా వద్దా అని తేల్చింది గుప్పెడుమంది కమిటీ. వాళ్లు గుజరాతీ సినిమా ‘ఛెల్లో షో’ను ఎంచుకున్నారు. వేలమంది ఓటును ఊహించవచ్చు గానీ తలుపులేసుకుని కూర్చున్న కమిటీని ఊహించలేమని అందుకే అంటుంటారు.

గద్దర్ జాబితాను ఢిల్లీ జాతీయ అవార్డుల పక్కన పెట్టి చదివితే ఆ మాట నిలవదు.

ఢిల్లీ ఏటా భారతీయ సినిమాల్లో ఒకదానికి జనాదరణ పొందిన ఆరోగ్యకర వినోద చిత్రమని అవార్డు ఇస్తుంది. ఈ పదేళ్లలో అది నాలుగు తెలుగు సినిమాలకు వచ్చింది: 2016కి ‘శతమానం భవతి’, 2017కి ‘బాహుబలి 2’, 2019కి ‘మహర్షి’, 2021కి ‘ఆర్ఆర్ఆర్’. గద్దర్ జ్యూరీ ఆ నాలుగేళ్లలోనూ మొదటి స్థానం సరిగ్గా ఆ నాలుగింటికే ఇచ్చింది. ఒక్కటీ తప్పలేదు. ఇక ఢిల్లీ ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంచినవి చూడండి. 2015 ‘కంచె’, 2016 ‘పెళ్లిచూపులు’, 2019 ‘జెర్సీ’, 2020 ‘కలర్ ఫొటో’, 2022 ‘కార్తికేయ 2’ గద్దర్‌లో రెండో స్థానంలో ఉన్నాయి. 2017 ‘ఘాజీ’, 2021 ‘ఉప్పెన’, 2023 ‘భగవంత్ కేసరి’ మూడో స్థానంలో ఉన్నాయి. రెండు చోట్లా మొదటిదిగా నిలిచింది ‘మహానటి’ ఒక్కటే. 2014 ఒక్కటే లెక్కకు అందలేదు. ఢిల్లీ మెచ్చిన ‘చందమామ కథలు’ గద్దర్ మూడింటిలో లేదు.

అంటే ఢిల్లీ ఫలితం చేతిలో ఉన్న మనిషికి గద్దర్ జాబితా సగానికి దగ్గరగా తెలిసినట్టే. జనం ఎక్కువగా చూసిన సినిమా పైన, కళగా మెచ్చుకున్నది దాని కింద. చూసి రాసుకున్నారని నేను అనడం లేదు. 2023 జాతీయ అవార్డులు గద్దర్ జాబితా వచ్చాక, 2025 ఆగస్టులో వెలువడ్డాయి. అయినా ‘భగవంత్ కేసరి’ విషయంలో లెక్క తప్పలేదు. జ్యూరీ సభ్యులు మారినా, ఊరు మారినా ఆలోచన ఒక్క తీరుగానే నడుస్తోందన్నమాట. మొదటి బహుమతి అందరికీ తెలిసిన పెద్ద సినిమాకు ఇవ్వాలి, మంచి సినిమాను కూడా గుర్తించామని తర్వాత చూపించాలి.

ఊహించేవాళ్లకు ఇంకో చిక్కుంది. ఏడాది లెక్క సినిమా విడుదలను బట్టి ఉండదు, సెన్సార్ సర్టిఫికెట్ తేదీని బట్టి ఉంటుంది. ‘ఆర్ఆర్ఆర్’ మనం చూసింది 2022 మార్చిలో, అవార్డు 2021కి. ‘శతమానం భవతి’ 2017 సంక్రాంతి సినిమా, అవార్డు 2016కి. ‘హనుమాన్’ 2024 సంక్రాంతికి ఆడింది, 2023 జాబితాలో ఉంది. నా ఎరుకలో పందేలు ఎక్కువగా ఓడిపోయేది ఇక్కడే.

ఇప్పుడు అసలు పోలికకు వద్దాం. ‘మహర్షి’, ‘మల్లేశం’ రెండూ 2019 ఎండాకాలంలో నెలన్నర తేడాతో వచ్చాయి. రెండింటిలోనూ ఊరికి కష్టం వస్తుంది, ఒక మగవాడు దాన్ని తీర్చాలని పట్టుబడతాడు. రెండింటి పోలిక అక్కడితో ఆగిపోతుంది.

‘మహర్షి’ దర్శకుడు వంశీ పైడిపల్లి. కథానాయకుడు రిషి అమెరికాలో పెద్ద కంపెనీకి అధిపతి. చదువుకునే రోజుల్లో తన కోసం నింద మోసిన స్నేహితుడు రవి ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ కంపెనీతో ఒంటరిగా పోరాడుతున్నాడని తెలిసి రామవరం వస్తాడు. ఆఫీసును ఊళ్లోకే తెచ్చి పెడతాడు. ఒక ముసలి రైతు పక్కన నిలబడి నాగలి పట్టడం నేర్చుకుంటాడు. ఆ నాగలి సన్నివేశం నిజంగా బాగుంటుంది. ఆ పెద్దమనిషి ముఖం, మట్టి మీద ఆయన కాలు పడే తీరు తెర మీద నిజం రైతును చూపిస్తాయి. అల్లరి నరేష్ రవి పాత్రను నిండు మనసుతో చేశాడు. ఆ సినిమా చూసి సెలవు రోజున పొలం వైపు వెళ్లిన పట్నం పిల్లలున్నారు. ఆ మేలును నేను కాదనను.

కానీ సినిమా తన ప్రశ్నకు జవాబును ప్రెస్‌మీట్‌లో చెప్పించి ముగించింది. రైతుకు గౌరవం కావాలి, సానుభూతి వద్దు అంటాడు రిషి. మాట మంచిదే. నారాయణపేట, మక్తల్, కొడంగల్ పల్లెల్లో నిలబడి ఆ మాట వినండి. అక్కడ పొలం ఉన్న రైతే నీళ్లు లేక, బోరు ఎండి, అప్పు పెరిగి, పెళ్లాం పిల్లలను వెంటబెట్టుకుని ముంబయి, పుణె కట్టడం పనులకు బస్సెక్కాడు. ఏళ్ల తరబడి ‘పాలమూరు లేబర్’ అన్న పేరుతోనే దేశమంతా తిరిగాడు. పట్నం మనిషి శని, ఆదివారాలు వచ్చి నాగలి పడితే ఆ రైతు ఇంటికి తిరిగి రాడు. అతన్ని ఊరు దాటించినవి నీళ్లు, ధర, అప్పు. ‘మహర్షి’ మూడు గంటల నిడివిలో ఈ మూడింటి దగ్గరా గట్టిగా ఆగదు. ఊరిని రక్షించేది బయటి నుంచి వచ్చిన ధనవంతుడి మంచితనమే.

‘మల్లేశం’లో బయటి నుంచి ఎవరూ రారు. పోచంపల్లి చీర నేసే ఇంట్లో మగ్గం కన్నా ముందు ఆసు ఉంటుంది. అర్ధచంద్రాకారపు చట్రానికి వరసగా మేకులు. మధ్య మేకు దగ్గర మొదలుపెట్టి దారాన్ని అంచు మేకు దాకా లాగాలి, చుట్టాలి, మళ్లీ వెనక్కి తేవాలి, పక్క మేకుకు పోవాలి. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు అలా ఆడాలి. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. అద్దకానికి, ముడులకు ముందు జరిగే ఈ పని ఆడవాళ్లది. పేరు రాదు, వచ్చేది భుజం నొప్పి. తల్లి లక్ష్మి భుజం పట్టేసి చెయ్యి లేవడం లేదని చూసిన కొడుకు, ఆరో తరగతితో బడి ఆపేసిన కొడుకు, ఈ ఆటంతా యంత్రం చేత చేయించాలని కూర్చున్నాడు. 1992లో మొదలుపెడితే 1999 దాకా పట్టింది. కట్టె, ఇనుము, మోటారు కొనడానికి చేసిన అప్పులు, ఊరి ఎగతాళి, బాలానగర్ వర్క్‌షాపుల్లో కూలి పని చేస్తూ కంటపడిన ఒక కదలికలో చివరి చిక్కు విడిపోవడం, అన్నీ నిజంగా జరిగినవే. తయారైన యంత్రానికి తల్లి పేరే పెట్టాడు.

దర్శకుడు రాజ్ రాచకొండ ఈ కథను గొంతు పెంచకుండా చెప్పాడు. ప్రియదర్శి మల్లేశంగా ఎక్కడా హీరో కాలేదు, కావాలని ప్రయత్నించనూ లేదు. తల్లిగా ఝాన్సీ, భార్య పద్మగా అనన్య నాగళ్ల. పెద్దింటి అశోక్‌కుమార్ రాసిన మాటలు మా ఇళ్లలో మాట్లాడుకునే మాటలు, తెలంగాణ యాస అని ప్రకటించుకునే మాటలు కావు. లోపాలూ ఉన్నాయి. రెండో సగం అక్కడక్కడా ఆగి ఆగి నడుస్తుంది. యంత్రం ఎలా పనిచేస్తుందో ఇంకొంచెం ఓపికగా చూపించాల్సింది. ఏడేళ్ల శ్రమ కదా, ఏ ముక్క ఎందుకు విఫలమైందో ప్రేక్షకుడికి తెలిస్తే గెలుపు ఇంకా బరువుగా అనిపించేది. నేతగాళ్లకు నూలిచ్చి చీర తీసుకునే షావుకార్ల లెక్కలను సినిమా తేలిగ్గా దాటేసింది.

అయినా రెండు సినిమాలను పక్కపక్కన పెడితే నా మనసులో సందేహం లేదు. ఒకటి కష్టం గురించి మంచి మాటలు చెప్పింది, ఇంకొకటి కష్టాన్ని చేతి కదలికతో సహా చూపించి, అది ఎలా తీరిందో చెప్పింది. మధ్యలో ఉన్న ‘జెర్సీ’ని నేను మరచిపోలేదు. గౌతమ్ తిన్ననూరి పనితనం ఆ ఏడాది తెలుగులో ఎవరికీ తీసిపోదు. రైల్వే స్టేషన్‌లో నాని అరుపు ఒక్కటి చాలు. నిర్మాణపు బిగువునే కొలమానం చేస్తే దానికి మొదటి స్థానం ఇవ్వమని ఎవరైనా వాదిస్తే గౌరవిస్తాను. ‘మహర్షి’ ఆ రెండింటి పైన ఎందుకుందో మాత్రం ఎవరూ నాకు చెప్పలేకపోయారు.

ఈ జ్యూరీకి ఢిల్లీ దారి వదలడం చేతకాదనుకుంటే అది పొరపాటు. 2015 చూడండి. ‘బాహుబలి: ది బిగినింగ్’ను ఢిల్లీ దేశం మొత్తంలో ఉత్తమ చిత్రమంది. 2017 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మూడేళ్ల నందులు ప్రకటించినప్పుడు 2015 నంది కూడా దానికే ఇచ్చింది. గద్దర్ జ్యూరీ దాన్ని పక్కనపెట్టి ‘రుద్రమదేవి’కి మొదటి స్థానం ఇచ్చింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. కాకతీయుల కథ, తెలంగాణ కథ. రుద్రమ మరణాన్ని చెప్పే 1289 నాటి శాసనం మా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో దొరికింది. ఆ సినిమాలో అల్లు అర్జున్ వేసిన గోన గన్నారెడ్డి ఏలిన వర్ధమానపురం పాలమూరు నేల. ఈ మట్టి కథ అని ముందుకు తెచ్చారు, అలాగే కానివ్వండి. మరి 2015లో మట్టి కొలమానమైతే, నాలుగేళ్ల తర్వాత ‘మల్లేశం’ దగ్గర అదెందుకు పనికిరాలేదు? పనితనమే కొలమానమైతే, ‘కంచె’ మీద ‘రుద్రమదేవి’ ఎలా నిలిచింది? కిరీటం పెట్టుకున్న చరిత్రకు మొదటి పీట, ఆసు పోసిన తల్లి చరిత్రకు మూడో పీట. అడగాల్సినంత పెద్ద తేడా ఇది.

2023 దగ్గర ఇదే జ్యూరీ ‘బలగం’ను పైన పెట్టినప్పుడు ఎంత సరిగ్గా ఆలోచించగలదో తెలిసింది. చిన్న సినిమా. పిట్టకు పెట్టిన కూడు కాకి ముట్టకపోవడం చుట్టూ కథంతా నడుస్తుంది. కొమురయ్య చావు తర్వాత మూడో రోజు, అయిదో రోజు, పదకొండో రోజు ఇంట్లోవాళ్ల పాత పగలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. పంచాయతీలవాళ్లు చౌరస్తాల్లో తెర కట్టి ఊరందరికీ చూపించారు. మనవడు సాయిలుగా ఇక్కడా ప్రియదర్శే. ఢిల్లీ ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రంగా ‘భగవంత్ కేసరి’ని ఎంచి, ‘బలగం’కు పాట రాసిన కాసర్ల శ్యామ్‌ను ఉత్తమ గీత రచయితను చేసింది. ఈ రెండు తీర్పుల్లో హైదరాబాద్‌దే సరైనది. ‘బలగం’ జనం చూసిన సినిమా కూడా కాబట్టి జ్యూరీకి ధైర్యం వచ్చింది. ‘మల్లేశం’కు అంత జనం రాలేదు. జనం తక్కువ వచ్చిన మంచి సినిమాను పైకి తేవడానికే కదా ప్రభుత్వం అవార్డు ఇచ్చేది!

2024 జాబితా ఇంకో రకంగా పందెం రాయుళ్లను తికమక పెట్టింది. ‘పుష్ప 2’ ప్రీమియర్ రాత్రి సంధ్య థియేటర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయాక, అల్లు అర్జున్ అరెస్టయ్యాక, ఈ ప్రభుత్వం ఆయనకు ఉత్తమ నటుడి అవార్డు ఇవ్వదని చాలామంది తేల్చేశారు. జ్యూరీ ఇచ్చింది. నటనను నటనగా చూసినందుకు ఆ నిర్ణయాన్ని మెచ్చుకుంటాను. ‘కల్కి’కి మొదటిది, ‘లక్కీ భాస్కర్’కు మూడోది అందరూ అనుకున్నదే. మధ్యలో ‘పొట్టేల్’ ఎవరి లెక్కలోనూ లేదు. కూతురి చదువు కోసం పటేల్‌ను ఎదిరించిన గొర్రెల కాపరి కథ, సాహిత్ మోత్కూరి దర్శకత్వం. మోతాదు మించిన హింస ఉన్నా నిజాయతీ ఉన్న సినిమా. అందులోనూ నిలబడింది అనన్య నాగళ్లే, ప్రత్యేక జ్యూరీ అవార్డు ఆమెకు దక్కింది. జయసుధ జ్యూరీ ‘పొట్టేల్’ను రెండో స్థానానికి తేగలిగింది. మురళీమోహన్ జ్యూరీ ‘మల్లేశం’ను అక్కడికీ తేలేకపోయింది.

పదేళ్లకు గాను ఉత్తమ చిత్రాలే ప్రకటించడం ఇంకో నష్టం. ఝాన్సీ భుజానికి, పెద్దింటి అశోక్ మాటలకు ఏ గుర్తింపూ లేదు. బి.నర్సింగరావు ‘దాసి’ గుర్తు చేసుకోండి. 1988 సినిమాలకు ఢిల్లీ దానికి అయిదు అవార్డులిచ్చింది. ఉత్తమ తెలుగు చిత్రం, నటి అర్చన, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వానికి తోట వైకుంఠం, దుస్తులకు మా మిర్యాలగూడ సుదర్శన్. దొరసాని పట్టుబట్టలు చూసి ఎవరైనా మెచ్చుకుంటారు. దాసి కట్టిన వెలిసిన నూలు చీరలోని ఎంపికను కూడా ఆ జ్యూరీ గమనించింది. సుదర్శన్‌ను 2024లో చనిపోయేదాకా ఊళ్లో అందరూ ‘దాసి సుదర్శన్’ అనే పిలిచారు. ఒక్క అవార్డు చిన్న ఊరి కళాకారుడికి ఇంటిపేరైంది. అలాంటి అవకాశం ఈ పదేళ్లలో పనిచేసినవాళ్లకు దక్కలేదు.

గద్దర్ పేరు ఊరికే పెట్టుకునే పేరు కాదు. మా జిల్లాల్లో నడిచిన సాయుధ పోరాటం మీద తీసిన ‘మా భూమి’లో ఆయన తెర మీద నిలబడి పాడాడు. ‘ఒరేయ్ రిక్షా’ సినిమా పాటకు నంది ఇస్తే వద్దన్నాడు. ఆ పేరున్న అవార్డు జనం కష్టాన్ని చూపిన సినిమాను పెద్ద సినిమా వెనక నిలబెడితే ఆయన అభిమానులు అడుగుతారు, అడగాలి కూడా.

జ్యూరీకి, మంత్రిగారికి నా విన్నపాలు రెండే. ఫలితాలకు నెల ముందు పోటీలో నిలిచిన సినిమాల పేర్లు ప్రకటించండి. తుది జాబితాతో పాటు ఏ సినిమా ఎందుకు ఆ స్థానంలో ఉందో అయిదారు వాక్యాలు రాసి అచ్చు వేయండి. ఫిలిం అభివృద్ధి సంస్థ అధ్యక్షుడు దిల్ రాజు. ‘శతమానం భవతి’, ‘బలగం’ ఆయన సంస్థల సినిమాలు, ‘మహర్షి’ నిర్మాతల్లో ఆయన ఒకరు. జ్యూరీ వేరు, సంస్థ వేరు. తప్పు జరిగిందని నా వాదన కాదు. కారణాలు అచ్చులో ఉంటే ‘బలగం’లాంటి యోగ్యమైన సినిమా మీద అనవసరపు అనుమానం పడదు. పోటీలో నిలిచిన చిన్న సినిమాలను నల్లగొండలో, మహబూబ్‌నగర్‌లో ఒక్కో ఆట వేయించగలిగితే ఇంకా మంచిది. అప్పుడు మేం ఊహించేది జ్యూరీ మనసును కాదు, సినిమాల విలువను.

అందాకా 2019కి నా వరుస ఇది: ‘మల్లేశం’, ‘జెర్సీ’, ‘మహర్షి’. ఒప్పుకోనివాళ్లు మూడింటినీ ఇంకోసారి చూసి, తమ వరుస కారణాలతో సహా చెప్పాలని కోరుతున్నాను.